లెక్క నిండిన రాత్రి

2004 డిసెంబర్ 24, శుక్రవారం. రాత్రి పది కావస్తోంది. తెల్లారితే క్రిస్మస్.

సిన్సినాటి విమానాశ్రయం. పేరు ఒహాయో రాష్ట్రంలోని నగరానిది. విమానాశ్రయం మాత్రం ఒహాయో నది దాటాక, కెంటకీ రాష్ట్రపు నేల మీద ఉంటుంది. మంచు తుపాను వచ్చి వెళ్ళిపోయింది. అయినా కామెయిర్ విమాన సంస్థలో సిబ్బందికి డ్యూటీలు వేసే విభాగానికి ఊపిరాడటం లేదు. ఎటు నుంచి ఫోన్ వచ్చినా ఒకటే ప్రశ్న.

"నేనిప్పుడు ఎక్కడికి వెళ్ళాలి?"

అడిగేది ఒకసారి పైలట్, ఒకసారి ఎయిర్‌హోస్టెస్. ఒకరు విమానం రద్దయి ఏదో ఊరి హోటల్లో చిక్కుకున్నారు. ఇంకొకరు తమది కాని ఊళ్ళో దిగి, తమ విమానం ఎక్కడుందో తెలియక నిలబడ్డారు. డ్యూటీ గుమస్తా కంప్యూటర్లో వాళ్ళ పేరు వెతకాలి, పాత డ్యూటీ తీసేయాలి, కొత్తది వేయాలి. ఒక్కో ఫోన్‌కి ఒక్కో మార్పు, ఒక్కోసారి నాలుగైదు. రెండు రోజులుగా ఇదే పని. ఎక్కడో ఒక కుటుంబం పండగ పూట ఇల్లు చేరాలంటే ఇక్కడ ఒకరు ఆ మార్పు ఎక్కించాలి.

అలా ఎక్కిస్తూండగా, పది గంటల వేళ, ఆ కంప్యూటర్ వ్యవస్థ ఆగిపోయింది.

కంప్యూటర్ ఆగడం వింతేమీ కాదు. ఆపి మళ్ళీ నడిపిస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. ఇది అలా లేచే రకం కాదు. దాని లోపల ఏముందో విప్పి చూడగలిగిన మనిషి ఆ సంస్థలో దాదాపుగా లేకుండా పోయి అప్పటికి ఏళ్ళయింది.

*

మన ఆర్టీసీ డిపోలో డ్యూటీ చార్టు వేసేవాళ్ళను చూసినవారికి ఈ పని బరువు చెప్పనక్కర్లేదు. ఏ బస్సు మీద ఏ డ్రైవరు, ఏ కండక్టరు, రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు, పొద్దున ఎవరు ఏ సర్వీసు తిప్పుకొస్తారు... ఒక్క డ్రైవరు సెలవు పెడితే పది పేర్లు కదులుతాయి. సంక్రాంతి ముందు రోజు, ఎంజీబీఎస్‌లో కాలు పెట్టడానికి చోటు లేనప్పుడు, డిపోలో ఆ చార్టు కనపడకుండా పోయిందనుకోండి. బస్సులుంటాయి, డ్రైవర్లుంటారు, సంచులు పట్టుకుని జనం నిలబడి ఉంటారు. ఒక్క బస్సూ కదలదు.

విమానాల దగ్గర ఈ చిక్కు పదింతలు. పైలట్ ఎన్ని గంటలు నడపాలన్నది అతని ఇష్టానికీ, యజమాని అవసరానికీ వదిలేసిన సంగతి కాదు. అప్పటి అమెరికా నిబంధనల ప్రకారం దేశంలో తిరిగే విమానాల పైలట్‌కు రెండు విశ్రాంతుల మధ్య 8 గంటలు, వరుసగా ఏడు రోజుల్లో 30, నెలలో 100, ఏడాదిలో 1,000 గంటలు దాటేలా డ్యూటీ వేయకూడదు. అలసిన చేతుల్లో విమానం పెట్టకూడదని చేసిన చట్టమిది. ఎవరు ఎన్ని గంటలు నడిపారు, ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నారు, ఇప్పుడెక్కడున్నారు అన్నది తేలకుండా తలుపు మూసి ఇంజన్ వేయడానికి వీల్లేదు. కామెయిర్‌లో ఆ లెక్కంతా ఒకే ఒక్క ప్రోగ్రాంలో ఉంది. అది ఆ రాత్రి ఆగిపోయింది.

*

ఆ ప్రోగ్రాం కథ 1986 ప్రాంతంలో మొదలవుతుంది.

కామెయిర్ అప్పటికి చిన్న సంస్థ. 1977లో ఒక తండ్రీ కొడుకూ, రేమండ్ మ్యూలర్, డేవిడ్ మ్యూలర్, పైపర్ నవాహో అనే బుల్లి విమానాలతో మొదలుపెట్టారు. 1984 నుంచి డెల్టా విమాన సంస్థ పేరు మీద పెద్ద ఊళ్ళకూ చిన్న ఊళ్ళకూ మధ్య ప్రయాణికుల్ని చేరవేస్తోంది. సిబ్బంది డ్యూటీల కోసం ఎస్‌బీఎస్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ తీసుకుంది. దాన్ని ఫార్ట్రాన్‌లో రాశారు.

ఫార్ట్రాన్ అంటే మనలో యాభై, అరవై దాటిన ఇంజనీర్లకు చేతి గీతలంత పరిచయం. కాలేజీలో ప్రొఫెసర్ వి. రాజారామన్ పుస్తకం పెట్టుకుని నేర్చిన మొదటి కంప్యూటర్ భాష అదే. ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలయ్యే పేరు పెడితే అది పూర్ణసంఖ్య, మిగతావి దశాంశాలు అన్న నియమం చాలామందికి ఇప్పటికీ నోటికి వచ్చు. 1957లో ఐబీఎం నుంచి వచ్చిన ఆ భాష వాతావరణ అంచనాల్లో, శాస్త్ర గణనల్లో నేటికీ పనిచేస్తోంది. పాతదనం దాని తప్పు కాదు. ఈ మాట నేను గట్టిగానే చెప్పదలిచాను. ఎందుకంటే ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ నింద పాత భాష మీదికి పోతుంది. దాన్ని ఇంట్లో ఉంచుకుని, తెలిసిన మనిషిని మాత్రం ఉంచుకోని వాళ్ళు తప్పించుకుంటారు.

కామెయిర్‌లో జరిగింది అదే. సంస్థ పెరిగింది. మిగతా కంప్యూటర్ పనులన్నీ మెల్లగా కొత్త యంత్రాల మీదికి మారాయి. డ్యూటీల ప్రోగ్రాం ఒక్కటీ పాత ఐబీఎం యంత్రం మీద, పాత భాషలో ఉండిపోయింది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఫార్ట్రాన్ నేర్చుకోలేదు. నేర్చుకోమన్నవాళ్ళూ లేరు. 1997 నాటికే దీన్ని మార్చాలన్న చర్చ ఆఫీసులో నడిచింది. కానీ వాడుతున్నవాళ్ళకు దాని మీద పెద్ద ఫిర్యాదు లేదు. చేతికి అలవాటైన పనిముట్టు, నడుస్తోంది, ఇంకేం కావాలి?

"నడుస్తోంది కదా." ఈ రెండు మాటలు ఎన్ని పనుల్ని వెనక్కి నెట్టాయో! 2000 సంవత్సరపు తేదీల చిక్కు, వై2కె వచ్చింది, ముందు దాని సంగతి చూడాలన్నారు. 2000లో డెల్టా సంస్థ కామెయిర్‌ను పూర్తిగా కొనేసింది. ఖర్చు పెట్టాలంటే ఇక పైవాళ్ళ ఆమోదం కావాలి. 2001 వసంతంలో పైలట్లు సమ్మె చేశారు, 89 రోజులు. అది ముగిసిన మూడు నెలలకు సెప్టెంబర్ 11 వచ్చింది. విమాన సంస్థలన్నీ బతికి బట్టకడితే చాలనుకున్న కాలమది. ప్రతి వాయిదాకూ ఒక నిజమైన కారణం ఉంది. ఏ ఒక్కటీ సోమరితనం కాదు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

చివరికి 2004లో కొత్త సాఫ్ట్‌వేర్ ఏదో నిర్ణయమైంది. అది వాడకంలోకి రావలసింది ఆ తర్వాతి ఏడాది.

*

తుపాను డిసెంబర్ 22న వచ్చింది. ఒహాయో నది లోయ పొడవునా మంచు, మంచుతో పాటు వడగళ్ళ వంటి ముక్కలు, పైన గడ్డకట్టే వాన. విమానం రెక్క మీద మంచు పొర ఉంటే లేవకూడదు, రెక్క ఆకారం చెడి గాలి దాన్ని మోయదు. అందుకని మంచు కరిగించే ద్రవం చల్లుతూ ఒక్కో విమానాన్నీ సిద్ధం చేస్తారు. ఈసారి చల్లిన ద్రవం చాల్లేదు. నిలిపి ఉంచిన కొన్ని విమానాల చక్రాలు నేలకు గడ్డకట్టుకుపోయాయి. 22 నుంచి 24 వరకు కామెయిర్ విమానాల్లో నూటికి తొంభైకి పైగా ఆలస్యమో రద్దో అయ్యాయి.

విమానం రద్దయితే దాన్ని నడపాల్సిన పైలట్ ఈ చివర ఉండిపోతాడు. ఆ చివర సాయంత్రం అతను నడపాల్సిన ఇంకో విమానం ఖాళీగా ఉంటుంది. దానికి ఇంకొకర్ని వేయాలి. ఆ ఇంకొకరు రేపు పొద్దున చేయాల్సిన డ్యూటీకి మరొకర్ని చూడాలి. రోజుకు 1,100 విమానాలు తిప్పే సంస్థలో నూటికి తొంభై ఇలా చెదిరితే ఎన్ని పేర్లు కదులుతాయో ఊహించండి. గుమస్తాలు ప్రతి పేరునూ కదిపారు, ప్రతి కదలికనూ ఎక్కించారు. ప్రోగ్రాం లోపల ఒక మూల, ఎవరి కంటికీ కనపడని చోట, ఒక లెక్క పెరుగుతూ వచ్చింది. ఈ నెలలో ఇప్పటికి ఎన్ని మార్పులు జరిగాయి అన్న లెక్క.

ఆ లెక్కకు ఒక హద్దు ఉంది. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చిన అంకె 32,000. ప్రోగ్రాములు రాసే వాళ్ళకు ఆ అంకె వినగానే అసలు అంకె స్ఫురించింది, 32,767.

కంప్యూటర్ ఒక సంఖ్యను దాచుకోవాలంటే ముందే గదులు కేటాయించుకుంటుంది. ఒక్కో గదిలో సున్నా లేదా ఒకటి. పాతకాలంలో కంప్యూటర్ మెమరీ బంగారంతో సమానం, ఒక్కో గదినీ పొదుపుగా వాడేవారు. మామూలు లెక్కలకు పదహారు గదులు చాలనుకునేవారు. అందులో ఒకటి ఆ సంఖ్య ధనమో ఋణమో చెప్పడానికి పోతుంది. మిగిలినవి పదిహేను. ఒకటితో మొదలుపెట్టి పదిహేను సార్లు రెట్టింపు చేస్తూ పోతే 32,768 వస్తుంది. సున్నా కూడా ఒక సంఖ్యే కాబట్టి ఆ గదుల్లో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. దాని పైన ఇంకొకటి కలిపితే పాత స్కూటర్ మీటరు 99999 తర్వాత అన్నీ సున్నాలు తిరిగినట్టు లెక్క తలకిందులవుతుంది, సంఖ్య ఒక్కసారిగా ఋణంలోకి పడిపోతుంది. తర్వాత ప్రోగ్రాం ఏం చేస్తుందో రాసినవాడు ముందే ఆలోచించి ఉంటే సరి. లేకపోతే అంతే.

1986లో పదహారు గదులు ఇచ్చిన మనిషిని నేను తప్పుపట్టలేను. ఆనాటి కామెయిర్‌కి నెలకు ముప్పై రెండు వేల మార్పులు అంటే కలలో మాట. 1993లో అదే కామెయిర్ అమెరికాలో అందరికంటే ముందు కెనడేర్ రీజినల్ జెట్లు తెచ్చుకుంది. యాభై సీట్ల జెట్ విమానాలు, ఎక్కువ దూరాలు, ఎక్కువ ఊళ్ళు. సంస్థ ఎదుగుతూ పోయింది, ఇంటి కప్పు మాత్రం అప్పటి ఎత్తులోనే ఉంది. తలకు తగిలేదాకా కప్పు అక్కడుందని ఎవరికీ గుర్తులేదు.

*

ఇక్కడ మన ఊసు ఒకటి చెప్పుకోవాలి.

1998, 99లలో అమీర్‌పేట వీధులు ఎలా ఉండేవో ఆ తరం వాళ్ళకు గుర్తుంటుంది. మైత్రీవనం చుట్టుపక్కల ఖాళీ గోడ లేదన్నట్టు కోచింగ్ బోర్డులు: కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2. కోస్తా నుంచీ తెలంగాణ నుంచీ సీమ నుంచీ వచ్చిన కుర్రాళ్ళు తాము పుట్టకముందు రాసిన ప్రోగ్రాములను చదవడం నేర్చుకుని అమెరికా విమానం ఎక్కారు. సంవత్సరానికి నాలుగు అంకెలు రాయాల్సిన చోట రెండే రాసి మిగిల్చిన పాత పొదుపును, లక్షల వరుసల్లో వెతికి వెతికి సరిచేశారు. కామెయిర్‌లో పదహారు గదుల పొదుపూ అదే కాలపు పొదుపు. రెండింటిదీ ఒకటే జాతి.

మరి అది ఎందుకు గట్టెక్కింది, ఇది ఎందుకు మునిగింది? వై2కెకి ముహూర్తం ఉంది. 1999 డిసెంబర్ 31 అర్ధరాత్రి అని క్యాలెండర్లో రాసి ఉంది. భయపడటానికి ఒక తేదీ ఉంటే డబ్బు వస్తుంది, మనుషులు వస్తారు, పాత భాషకు మళ్ళీ గిరాకీ వస్తుంది. కామెయిర్‌లో లెక్క తగిలే గోడకు తేదీ లేదు. మామూలు నెలల్లో లెక్క హద్దు చేరకముందే నెల తిరిగిపోయేది. తేదీల కోసం వెతికే కళ్ళకు ఆ మూల కనపడే అవకాశమూ లేదు.

*

డిసెంబర్ 25 తెల్లవారింది.

విమానాలు ఉన్నాయి. పైలట్లు ఉన్నారు. తుపాను పోయింది. కానీ ఎవరు ఎక్కడున్నారో, ఎవరికి ఇంకా ఎన్ని గంటలు మిగిలాయో చెప్పేది లేదు. వేరే వ్యవస్థ ఏదీ సిద్ధంగా లేదు. అదే ప్రోగ్రాంను ఇంకో కంప్యూటర్లో నడిపినా అదే లెక్క, అదే గోడ. ఒక్కో విమానానికి ఇద్దరు పైలట్లు, కనీసం ఒక ఎయిర్‌హోస్టెస్ చొప్పున అన్ని విమానాలకు చట్టం ఒప్పేలా కాగితం మీద చార్టు వేయడం ఒక రాత్రిలో తెమిలే పని కాదు. సంస్థ ఆ రోజు మొత్తం 1,100 విమానాలనూ రద్దు చేసింది. 118 ఊళ్ళలో సుమారు 30,000 మంది ఎక్కడివాళ్ళు అక్కడ నిలిచిపోయారు.

అమెరికాలో క్రిస్మస్ మన సంక్రాంతి లాంటిది. దూరాన ఉన్న పిల్లలు ఏడాదికి ఒక్కసారి తల్లిదండ్రుల గడప తొక్కే రోజు. ఆ రోజు వేలమంది రంగు కాగితాలు చుట్టిన కానుకలు ఒళ్ళో పెట్టుకుని విమానాశ్రయం కుర్చీల్లో గడిపారు. కౌంటర్ వెనక నిలబడ్డ ఉద్యోగులకు వాళ్ళకు చెప్పే జవాబు లేదు. ఆ ఉద్యోగులకూ అది పండగే. వాళ్ళ ఇళ్ళల్లోనూ భోజనాల దగ్గర ఒక కుర్చీ ఖాళీ.

తిరిగి మామూలుగా నడవడానికి 29వ తేదీ దాకా పట్టింది. ఆ సెలవుల్లో మొత్తం 3,900 విమానాలు రద్దో ఆలస్యమో అయ్యాయి, దాదాపు రెండు లక్షల మంది ఇబ్బంది పడ్డారు. సంస్థకు నష్టం సుమారు 2 కోట్ల డాలర్లు. రవాణా మంత్రి నార్మన్ మినెటా విచారణకు ఆదేశించారు. జనవరిలో కామెయిర్ అధ్యక్షుడు రాండీ రాడెమాకర్ రాజీనామా చేశారు.

మన పత్రికల్లో ఇదేదీ పెద్దగా వచ్చి ఉండదు. వచ్చినా చదివే స్థితిలో మనం లేము. క్రిస్మస్ మర్నాడు ఆదివారం, డిసెంబర్ 26. కృష్ణా, ప్రకాశం, నెల్లూరు తీరాల్లో సునామీతో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిన రోజు. ఆ దుఃఖం ముందు విమానాశ్రయాల్లో నిలిచిపోయిన వాళ్ళ కథ ఎవరికి పడుతుంది? కానీ అమెరికాలోనే, విమానాలు నడిపే వాళ్ళే, ఆ కథను మరిచిపోయారు. అది క్షమించడం కష్టం.

2022 డిసెంబర్. మళ్ళీ క్రిస్మస్ వారం, మళ్ళీ మంచు తుపాను. ఈసారి సౌత్‌వెస్ట్, అమెరికాలోని అతిపెద్ద సంస్థల్లో ఒకటి. సిబ్బందికి డ్యూటీలు సర్దే పాత సాఫ్ట్‌వేర్ ఆ తాకిడిని అందుకోలేకపోయింది. తామెక్కడున్నామో చెప్పుకోవడానికి పైలట్లు గంటల తరబడి ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. పది రోజుల్లో 16,000కు పైగా విమానాలు రద్దయ్యాయి, 20 లక్షల మందికి పైగా ప్రయాణికులు చెల్లాచెదురయ్యారు. మరుసటి ఏడాది అమెరికా రవాణా శాఖ ఆ సంస్థకు 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. పాత వ్యవస్థను మార్చమని అక్కడి పైలట్ల సంఘం ఏళ్ళుగా మొత్తుకుంటూనే ఉంది. కామెయిర్‌లో గోడ ఉందని చెప్పేవాళ్ళు లేరు. ఇక్కడ చెప్పేవాళ్ళున్నారు, వినలేదు.

కామెయిర్ 2012 సెప్టెంబర్ 29న మూతపడింది. దానికి కారణాలు వేరు.

ఆ ప్రోగ్రాం లెక్క నెలవారీది. నెల మారితే మళ్ళీ మొదటి నుంచి ఎంచుకునేది. డిసెంబర్ 24 రాత్రి పది గంటల నుంచి జనవరి 1 రావడానికి మిగిలింది ఏడు రోజుల రెండు గంటలు.